కుడితిలో ఉప్పు

ఓదెమ్మకు కోడలితో మాట్లాడాల్సిన పని పడితే బర్రె దగ్గరికి పోయేది. పెరట్లో కుడితి గోలెం పక్కన కట్టేసి ఉండే ఆ బర్రె పేరు ఈరమ్మ. అది ఓదెమ్మ అత్తగారి పేరు. అత్త బతికున్నన్నాళ్లూ ఎదురుగా ఒక్క మాట అనలేకపోయిన ఓదెమ్మ, ఆవిడ పోయాక కొన్న మొదటి బర్రెకు ఆ పేరు పెట్టుకుని కసితీరా తిట్టుకుంది. ఆ తరవాత ఆ ఇంటికొచ్చిన ప్రతి బర్రే ఈరమ్మే అయింది. కోడలు కాపురానికొచ్చాక ఈ ఏర్పాటు మరింత పనికొచ్చింది. చచ్చిన అత్తనూ బతికున్న కోడలినీ ఒకే నోటితో కడిగెయ్యొచ్చు.

"ఏమే ఈరమ్మా, పొద్దెక్కినంక లేసుడు, తిన్న కంచం సుత ఎత్తకుంట బస్సుకు ఉరుకుడు. గిదేనా నీ సదువు?" అని పెరట్లోంచి వినిపిస్తుంటే, వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న స్వరూప పళ్లు కొరుక్కునేది. బదులు చెప్పాలంటే తనూ బర్రెకే చెప్పాలి. రసాయనశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మనిషి బర్రెతో వాదానికి దిగలేదు కదా. అందుకని ఆ ఇంట్లో ఎప్పుడూ అత్తదే పైచేయి.

గొడవకు మూలం చాలా చిన్నది. కొత్త కాపురంలో, వాకిట్లో కట్టేసే బర్రెను పెరట్లోకి మార్చమని స్వరూప మొగుణ్ని అడిగింది. ఆ వాసనకు అన్నం సయించడం లేదంది. సమ్మయ్య మార్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే సమ్మయ్యకు, ఇద్దరాడవాళ్లలో ఎవరేది అడిగితే అది చేసేసి డ్యూటీకి పారిపోవడం అలవాటు. ఆ రోజు నుంచి ఓదెమ్మ కోడలి మొహంలోకి చూసి ఒక్క మాట అనలేదు.

అలాంటి మనిషి వంటింట్లో స్వరూప తన పొయ్యి తెచ్చి పెట్టింది.

ఆ పొయ్యికి పుట్టిల్లు ఆ ఊళ్లోనే ఉంది. మేడిచెలిమ శివార్లలో పాతకాలపు భూగర్భ గని ఒకటి ఉండేది. లోపల బొగ్గు తనంతట తాను అంటుకుంటే, దారులన్నీ ఇటుకలతో మూసేసి అందరూ చేతులు దులుపుకున్నారు. మూసినంత మాత్రాన మంట ఊరుకోలేదు. అడుగున అది ఇప్పటికీ మండుతూనే ఉంది. పైన నేల పగుళ్లిచ్చి, వాన పడ్డప్పుడల్లా పొగ కక్కుతుంది. ఊరివాళ్లు దాన్ని అగ్గిబాయి అంటారు, అటువైపు మేకల్ని కూడా తోలరు. స్వరూప మాత్రం సెలవు దొరికితే చాలు, సుత్తీ సంచీ పట్టుకుని అటే పోయేది.

కాలిన రాళ్లలో ఒకటి పగలగొట్టినప్పుడు లోపల సూదుల్లాంటి తెల్లటి మెరుపు కనిపించింది. వెండి కాదు. కత్తితో గీరినా గీత పడలేదు. అయస్కాంతం దగ్గర పెడితే పలకలేదు. ఎన్ని వానలకు తడిసిందో గాని తుప్పు జాడ లేదు. తను పనిచేసే ప్రయోగశాలలో పెట్టి చూస్తే నికెల్, భాస్వరం తప్ప మూడోది లేదు. ఇలాంటివి ఆకాశం నుంచి పడ్డ ఉల్కల్లో దొరుకుతాయి. అక్కడ కూడా ఇనుముదే పెత్తనం, నికెల్ దాని వెనక నడుస్తుంది. ఇందులో పెత్తనమంతా నికెల్‌దే. భూమ్మీద పుట్టినవి మరీ అరుదు. ఎందుకంటే భాస్వరం ఆక్సిజన్‌ను ఒక పట్టాన వదలదు. వదిలించాలంటే గాలి చొరని చోట ఏళ్ల తరబడి కొలిమి మండాలి. అగ్గిబాయి చేసింది అదే. బొగ్గు పొరల మధ్య ఏ యుగం నాటివో చేపల ఎముకలు రాయిగా మారి ఉన్నాయి. మంట ఆ ఎముకల్లోంచి భాస్వరాన్ని పిండి, రాతిలో చెదిరి ఉన్న నికెల్‌కు కట్టబెట్టింది.

కొత్త ఖనిజానికి కనిపెట్టినవాళ్లు తమ పేరు పెట్టుకోకూడదు, ఊరి పేరు పెట్టొచ్చు. స్వరూప మేడిచెలిమైట్ అని పెట్టింది. సమ్మయ్య సంబరంగా తల్లికి ఆ సంగతి చెబితే, ఓదెమ్మ లేచి పెరట్లోకి నడిచి, ఊరి పేరు వాడుకునే ముందు ఊరిని అడగాలని కూడా తెలియని మనుషులుంటారని ఈరమ్మకు చెప్పింది.

అసలు విశేషం తరవాత బయటపడింది. స్వరూప ఇంట్లోనే ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ఆ రాతి తునకను తీగకు కట్టి వేలాడేసి, టార్చిలైటు బ్యాటరీ తగిలించింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి, కానీ తునక చుట్టూ బుడగలు ముసురుకున్నాయి. పైన అగ్గిపుల్ల చూపిస్తే టప్పుమని వెలిగింది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి ప్రపంచమంతా ప్లాటినం వెంట పడుతుంటే, అత్తగారి ఊరి కాలిన రాయి ఆ పని చిటికెలో చేసి పెట్టింది. స్వరూప వంటింటి గడప మీద కూర్చుని సంతోషం పట్టలేక ఏడ్చింది.

నీళ్లపొయ్యి అలా పుట్టింది. ఇంటి కప్పు మీద ఒక సోలార్ పలక, వంటింట్లో ఒక నీళ్ల తొట్టి, తొట్టిలో మేడిచెలిమైట్ పూత పూసిన నికెల్ రేకు, పైన ఉండీ లేనట్టుండే నీలి మంట. గ్యాసు బండ అక్కర్లేదు, కట్టెలక్కర్లేదు. ప్రయోగశాల డైరెక్టరు విఠల్ రావు, తల నెరిసినా ఆశ నెరవని మనిషి, ముందు మేడిచెలిమలో కొన్ని ఇళ్లకు పెట్టించి చూద్దామన్నాడు. అన్నిటికంటే ముందు స్వరూప ఇంట్లో.

ఓదెమ్మ మొదట దాన్ని కన్నెత్తి చూడలేదు. తరవాత ఎవరూ లేనప్పుడు చూసింది. చూసి, ప్రయోగశాల మొత్తానికి తట్టని పని చేసింది. తొట్టిలో బోరు నీళ్లకు బదులు బియ్యం కడిగిన నీళ్లు పోసింది. మంట జానెడు లేచింది. మర్నాటికి వాడకట్టులో ఆడవాళ్లందరూ అదే పని మొదలుపెట్టారు.

స్వరూపకు ఇది గర్వంగానే ఉంది. ప్రయోగశాలలో శుద్ధమైన నీళ్లలో పెట్టిన రేకు నెమ్మదిగా మసకబారేది. ఊళ్లో రేకులు మాత్రం రోజురోజుకూ మందమవుతూ మెరిశాయి. లోకంలో ఏ పొయ్యి అయినా వాడేకొద్దీ అరుగుతుంది, ఇది పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందో చూడాలని ఆమె ఒకసారి అంటే, తరిగితే ఏడవాలి గాని పెరిగితే ఏడుపెందుకని విఠల్ రావు నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన 'అరగని పొయ్యి' అని పేరు పెట్టి, జిల్లా అంతటా పంచడానికి పైవాళ్లను ఒప్పించాడు. అది మొదలయ్యే రోజున వేదిక మీద స్వరూప నిలబడి తన పొయ్యి తానే వెలిగించాలి. బర్రె పేరుతో తిట్లు తిని తిని ఉన్న మనిషికి ఆ వేదిక ఎంత తియ్యగా కనిపించిందో చెప్పలేం.

ఆమె చూడనిది ఒకటుంది. నిజానికి రోజూ కళ్లెదుట జరిగేదే. బియ్యం కడిగిన నీళ్లు ఆ ఊళ్లో ఏ ఇల్లాలూ పారబోయదు, అవి గోలెంలోకి పోవాలి, బర్రె తాగాలి. పొయ్యి వచ్చాక ఆ నీళ్లు ముందు తొట్టిలోకి పోయాయి, సాయంత్రం తొట్టి అడుగున మిగిలింది గోలెంలోకి పోయింది. ఓదెమ్మ అందులో తవుడూ ఉప్పూ వేసి మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతుంది. ఈరమ్మ ఉప్పు తక్కువైతే మూతి పెట్టదు. అందుకని ప్రతిసారీ అరచేతిని నాకి ఉప్పు చూస్తుంది. ఆ నాకడం కనిపించినప్పుడల్లా స్వరూప అసహ్యంతో మొహం తిప్పుకునేది. పెళ్లయిన నాటి నుంచీ తిప్పుకుంటూనే ఉంది.

ఈరమ్మ ఈనిన పది రోజులకు మూత్రం డికాక్షన్ రంగులో పోసింది. తవుడు ముట్టకుండా, కుక్కలు తెచ్చి పడేసిన ఎముకను నోట కరుచుకుని పొద్దంతా నమిలింది. తరవాత కూలబడి లేవలేదు. దుడ్డె పక్కన నిలబడి అరుస్తుంటే ఓదెమ్మ బర్రె మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ పూట తిట్టలేదు.

పశువుల డాక్టరు నస్రీన్ స్కూటీ మీద వచ్చింది. ఎముక నమిలిందంటే ఒంట్లో భాస్వరం పడిపోయిందని, ఈనిన బర్రెలకు ఇది కొత్త కాదని చెప్పింది. తీగముక్కో ఇనుప మేకో మింగిందేమోనని దిక్సూచి తీసి పొట్ట కింద అటూ ఇటూ తిప్పింది. ముల్లు కదల్లేదు. లోహమేమీ లేదని తేల్చి, భాస్వరం సూది వేసింది. సాయంత్రానికి ఈరమ్మ లేచి నిలబడింది.

"సూసినవా ఈరమ్మా, సూదితోటి లేసినవ్. నిన్న మొన్న దాకా ఏ సూది లేకుంటనే ఉంటివి. గీ ఇంట్ల ఏం కొత్తగొచ్చిందో నీకెర్క, నాకెర్క."

ఆ మాట స్వరూపకు సూదికంటే లోతుగా దిగింది. ఈసారి ఊరుకోలేదు. గట్టిగా, మొగుడికి చెబుతున్నట్టుగా, కొందరికి మంచి జరిగితే కళ్లల్లో నిప్పులు పోసుకోవడం తప్ప మరొకటి రాదని, దిక్సూచి ముల్లు కదలకపోవడం అందరూ చూశారని అంది. సమ్మయ్య చొక్కా వేసుకుని డ్యూటీకి పోయాడు. అది అతని షిఫ్టు కాదు.

అన్న మాట నోట్లోంచి బయటికి రాగానే స్వరూప లోపల ఏదో తగులుకుంది. ముల్లు కదలలేదు. నిజమే. అయస్కాంతానికి పలకదని ఆ రాయి గుణాల్లో మొట్టమొదట రాసింది తనే. కానీ ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టింది. వేదిక దగ్గర పడుతోంది.

ఈరమ్మ మళ్లీ కూలబడింది. మళ్లీ సూది, మళ్లీ లేచింది, ఈసారి రెండు రోజులే నిలబడింది. వాడకట్టులో ఇంకో ఇంట్లో, ఆ పక్క వీధిలో మరో ఇంట్లో బర్రెలు ఎముకలు నమలడం మొదలుపెట్టాయి. పొయ్యి వచ్చాకే ఇదంతా అని ఊళ్లో మాట పుట్టింది. పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి నలుగురడిగితే స్వరూప కడుపులో పురుగులని, నట్టల రోగమని చెప్పింది. ఎండలకు మేతలో బలం తగ్గిందని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

చివరికి ఉండబట్టలేక ప్రయోగశాలలో మూడు గాజు పాత్రలు పెట్టింది. ఒకదాంట్లో శుద్ధమైన నీళ్లు, ఒకదాంట్లో ఊరి బోరు నీళ్లు, ఒకదాంట్లో ఇంటి నుంచి సీసాలో తెచ్చిన బియ్యం నీళ్లు. మూడిట్లోనూ రేకులు వేసి కరెంటు ఇచ్చింది. మూడోదాంట్లో రేకుకు కళ్లముందే ముళ్లు మొలిచాయి. ఆ నీళ్లు పరీక్షిస్తే పొద్దున ఉన్న భాస్వరం సాయంత్రానికి ఒక్క చుక్క లేదు. అంతా రేకు తాగేసింది. పూత కింద ఉన్న నికెల్ కరిగి, భాస్వరంతో కలిసి, మళ్లీ ముళ్లుగా గడ్డకట్టింది. కరెంటు తీసేసి, కడుపులో ఊరే రసమంత పులుపు కలిపి చూసింది. పెరగడం ఆగలేదు. పులుపుంటే దానికి కరెంటుతో కూడా పని లేదు. ముళ్ల కొసలు విరిగి దుమ్ములా అడుగుకు దిగుతున్నాయి. ఒక్కో రేణువూ నీళ్లలో కరిగి ఉన్న నికెల్‌ను అందుకుని మళ్లీ పెరుగుతోంది.

ఎముకల్లోంచి పుట్టిన రాయి ఎముకలనే అడుగుతోంది. ఆ దుమ్ము పొట్టలోకి పోతే తిన్న తిండిలోని భాస్వరమంతా అదే మింగుతుంది. తిండి చాలకపోతే ఒళ్లు తన ఎముకలను కరిగించి పోస్తుంది. నస్రీన్ వేసిన సూదులు బర్రెకు కాదు, బర్రె లోపలి రాయికి పోయాయి.

ఈ మాట విఠల్ రావుతో చెప్పినప్పుడు ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశాడు.

"పొయ్యిలో నీళ్లు బర్రెకు పొయ్యమని మనం చెప్పామా, స్వరూపా?"

చెప్పలేదంది. మరింకేమని ఆయన. పంపిణీ మొదలయ్యాక ప్రతి పొయ్యి మీదా ఒక హెచ్చరిక కాగితం అంటిద్దామన్నాడు. ఇప్పుడు ఆపితే ఇంకెప్పటికీ లేవదని, ఆమె పేరు కూడా దాంతోపాటే పూడిపోతుందని మెత్తగా చెప్పాడు. ఆమె తల ఊపింది. ఊపినందుకు బస్సులో ఇంటిదాకా తన్ను తాను తిట్టుకుంది గాని, ఊపడం మాత్రం ఊపింది. ఇంటికి రాగానే తొట్టి నీళ్లు గోలెంలో పొయ్యొద్దని సమ్మయ్యతో చెప్పించింది. కారణం చెప్పలేదు. కారణం చెప్పని మాటను ఓదెమ్మ ఏనాడు లెక్కచేసింది గనక? కోడలి పొయ్యి నీళ్లకు కూడా ఇప్పుడు మడి పుట్టిందని బర్రెకు చెప్పి, అవే నీళ్లు పోసింది.

ఈలోగా ఓదెమ్మ నడక మారింది. రెండు పక్కలకూ ఊగుతూ, బాతులా అడుగులేస్తోంది. గోడ పట్టుకోనిదే లేవలేకపోతోంది. స్వరూప అది చూసి, బర్రె మీద జాలి సరిపోక ఓదెమ్మ ఇప్పుడు తన మీద కూడా జాలి రాబట్టడం మొదలుపెట్టిందనుకుంది. నలుగురిలో తనను దోషిని చేయడానికే ఆ ఊగడమనుకుంది. అంత కచ్చితంగా అనుకుంది కాబట్టే, దగ్గు తెర వచ్చి ఓదెమ్మ పక్కటెముక పుటుక్కుమన్న రోజున కూడా రెండు క్షణాలు కదలకుండా నిలబడింది. ఆ రెండు క్షణాలూ ఆమెను తరవాత చాలాకాలం వదల్లేదు.

సమ్మయ్య తల్లిని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయిన రోజునే ఈరమ్మ చచ్చిపోయింది. కళేబరాన్ని ఊరవతలకు చేర్పించి నస్రీన్ కబురు పంపితే స్వరూప ఒక్కతే వెళ్లింది. పొట్ట కోసి, తేనెపట్టు గదుల్లా ఉండే రెండో కడుపు తెరిచి, నస్రీన్ పక్కకు జరిగింది. తేనెపట్టు గదుల నిండా వెండి ముళ్లు. గుప్పెడంత గడ్డ, కడిగితే ధగధగలాడింది. లోకంలో ఏ ఉల్కలోనూ, ఏ గనిలోనూ ఇంత పెద్ద స్ఫటికాలు పుట్టలేదు.

"మేడమ్, నా దిక్సూచిని నమ్ముకుని వీటికి నేనే మేతేసిన," అంది నస్రీన్. "ఈ రాయి ముల్లును కదిలించదని మీకు తెలుసు గదా. ఆ రోజు మీరక్కడనే ఉన్నరు."

స్వరూప వంగి గడ్డను గుడ్డలో చుట్టింది.

మర్నాడు ఆ మూట తీసుకుపోయి విఠల్ రావు బల్ల మీద విప్పింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, పిల్లాడిలా మురిసిపోయాడు. ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియంలు దీనికోసం కొట్టుకుంటాయన్నాడు. అగ్గిబాయిలో ఏ పక్క దొరికిందని అడిగాడు. ఖనిజాన్ని నమోదు చేయాలంటే దొరికిన చోటు చెప్పాలి కదా.

"బర్రె కడుపులో దొరికింది, సార్."

ఆయన గడ్డను బల్ల మీద పెట్టి చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. అప్పుడు స్వరూప రెండోది బయటికి తీసింది. ఆసుపత్రి నుంచి సమ్మయ్య తెచ్చిన ఎక్స్‌రే. ఓదెమ్మ ఎముకలు పొగలా పలచబడి, అక్కడక్కడా సన్నటి పగుళ్లతో ఉన్నాయి. ఎముకలకంటే తెల్లగా, పొట్ట నిండా చుక్కలు వెలుగుతున్నాయి. ఏం మింగావమ్మా అని అక్కడి డాక్టరు అడిగాడట. రోజూ ఉప్పు చూస్తానని ఓదెమ్మ చెప్పిందట. పేగుల మడతల్లో దిగిన వాటిని కోసి తీయలేమని, భాస్వరం మాత్రలు వాడమని రాసిచ్చాడు. స్వరూప ఆ మాత్రల చీటీ చూసి మొగుడి ముందే చింపేసింది. మనిషి తింటే రాయి తింటుంది. రాయిని మాడ్చాలంటే మనిషిని మాడ్చాలి. మూడో దారి ఆమెకు తెలియలేదు.

విఠల్ రావు ఎక్స్‌రేను ఎక్కువసేపు చూడలేదు. ఒక్క ముసలావిడ సంగతి, ఆమెకు వైద్యం మనమే చేయిద్దాం, పెద్ద పెద్ద డాక్టర్లకు చూపిద్దాం అన్నాడు. వేదిక మరునాడే ఉంది. బియ్యం నీళ్ల కిటుకు కనిపెట్టిన ఇల్లాలిగా ఆమెకు శాలువా కప్పడానికి పైవాళ్లతో ముందే మాట్లాడి ఉంచాడు, ఇప్పుడు వద్దంటే లేనిపోని ప్రశ్నలొస్తాయి. ఒక్క రోజు ఓపిక పట్టమని అడిగాడు. స్వరూప గుడ్డా గడ్డా ఎక్స్‌రే తీసుకుని బయటికొచ్చింది.

ఇంట్లో ఓదెమ్మ గోలెం పక్కన మంచం వేయించుకుని కూర్చుని ఉంది. గుంజకు తాడు ఉంది, బర్రె లేదు. తిట్లు లేని ఆ ఇంట్లో స్వరూప నిలవలేకపోయింది. చెబుదామని దగ్గరికి పోయింది. ఓదెమ్మ ఆమె చేతిలోని గుడ్డ మూట వైపు చూసి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, మొహం అటు తిప్పుకుంది. చెప్పాల్సినవాళ్లు చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. స్వరూప మూటను, ఎక్స్‌రేను సంచిలో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

మర్నాడు బడి మైదానంలో షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పొయ్యిల కోసం వరసగా కూర్చున్నారు. వేదిక పక్కన కొత్త పొయ్యిలు అట్టపెట్టెల్లో ఎత్తుగా పేర్చి ఉన్నాయి. హెచ్చరిక కాగితం వాటి మీద లేదు. పొద్దుటి నుంచి బియ్యం నీళ్లు పోసి నడిపి చూసిన పొయ్యిని స్వరూప వెలిగించింది. కెమెరాల వైపు నవ్వింది కూడా, అందుకు ఆమెకు తన మీద అసహ్యం వేసింది. విఠల్ రావు మైకులో అరగని పొయ్యి గురించి చాలా చెప్పాడు. దీని నీళ్లు కూడా ఎంతో స్వచ్ఛమైనవి, వృథా పోవు అన్నాడు. ఆ తరవాత ఓదెమ్మను పిలిచారు.

సమ్మయ్య తల్లిని దాదాపు ఎత్తుకుని మెట్లెక్కించాడు. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అందరూ ఆమె దిగిపోతుందనుకున్నారు. ఓదెమ్మ ఊగుతూ పొయ్యి దగ్గరికి నడిచి, తొట్టి నీళ్లు దిగడానికి కింద పెట్టిన బకెట్టు ముందు చతికిలబడింది. కొంగు ముడి విప్పి చిటికెడు ఉప్పు తీసి అందులో వేసింది. మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపింది, రోజూ కలిపినట్టే. అరచేతిని దోనెలా చేసి, నీళ్లు కారుతుండగా విఠల్ రావు ముందుకు చాచింది.

"సారూ, ఉప్పు సరిపోయిందో లేదో జర సూడు."

మైకు ఆమె మాటను మైదానం అంతటా వినిపించింది. ఆడవాళ్లు నవ్వారు. విఠల్ రావు కూడా నవ్వి, తనకు బీపీ ఉందని, డాక్టర్లు ఉప్పు ముట్టుకోవద్దన్నారని చెప్పాడు. ఇంకా నవ్వారు. ఓదెమ్మ చెయ్యి తియ్యలేదు. బీపీ లేనోళ్లు ఎవరన్నా ఉంటే చూడమని, వేదిక మీద కూర్చున్నవాళ్ల ముందు వరసగా చెయ్యి జరుపుకుంటూ పోయింది. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఒకావిడ చీర కుచ్చిళ్లు వెనక్కి లాక్కుంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు వరసలో ఉన్న మేడిచెలిమ ఆడవాళ్లు, ఇళ్ల దగ్గర కూలబడ్డ తమ బర్రెలు గుర్తొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి ఆ చెయ్యి స్వరూప ముందుకొచ్చింది.

అరచేతిలో మిగిలిన కాసిని నీళ్లలో సన్నటి మెరుపు ఉంది. పెళ్లయిన నాటి నుంచీ చూడకుండా మొహం తిప్పుకున్న ఆ చెయ్యిని స్వరూప మొదటిసారి పూర్తిగా చూసింది. వేళ్లు వంకరపోయాయి, గోళ్లు పల్చబడ్డాయి. ఆమె ఆ చెయ్యిని రెండు చేతులా పట్టుకుని బోర్లించింది. నీళ్లు వేదిక చెక్కల మీద పడ్డాయి. అక్కడ షామియానా నీడలో కూడా అవి మెరుస్తూనే ఉన్నాయి.

తరవాత మైకు అందుకుంది. ఎవరూ తాగొద్దని, పశువులకు పెట్టొద్దని, ఏ ఇంట్లోనూ ఈ పొయ్యి వెలిగించొద్దని చెప్పింది. బర్రెలను చంపింది ఈ రాయేనని, ఈ రాయి తన అత్త కడుపులో కూడా పెరుగుతోందని, ఇదంతా తెలిసి కూడా తను నట్టల రోగమని అబద్ధం చెప్పానని చెప్పింది. సంచిలోంచి ఎక్స్‌రే తీసి ఎత్తి పట్టుకుంది. వెనకనుంచి విఠల్ రావు ఎవరితోనో మైకు ఆపమంటున్నాడు. ఆగిపోయాక కూడా ఆమె గొంతెత్తి చెబుతూనే ఉంది. ఆడవాళ్లు లేచి అట్టపెట్టెల నుంచి దూరంగా జరిగారు.

చెప్పడం అయిపోయాక స్వరూప అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఏదో ఒక మాట కోసం కూర్చుంది. తిట్టినా చాలనుకుంది. ఓదెమ్మ అలవాటు చొప్పున పక్కకు తిరిగింది. పక్కన ఈరమ్మ లేదు. అప్పుడు కోడలి వైపే తిరిగి, మొహంలోకి సూటిగా చూసింది.

"గీ ముచ్చట ఈరమ్మ బతికున్నప్పుడు చెప్పాల్సింది, స్వరూపా," అంది.

ఆ తరవాత కొడుకును పిలిచి, లేపమని చెయ్యి చాచింది.